చేతికెమెరా – పచ్చతెర : దృశ్యసమ్మేళనమున ఔచిత్యవిచారము

‘నేపథ్యము’ అను శబ్దమునకు నాట్యశాస్త్రమునందు వేషధారణము చేసికొను స్థలమనియు, ఆ వేషమే యనియు అర్థములు కలవు. తెరవెనుకనుండి వినవచ్చు మాటకు ‘నేపథ్యమున’ అని సూచన వ్రాయుట సంస్కృతనాటకకర్తల వాడుక. నేటి తెలుగున ఈ శబ్దము పాత్రవెనుక కనిపించు దృశ్యమునకు చెల్లుచున్నది. పూర్వము కంటబడని దానికున్న పేరు నేడు కంటబడుదానికి సంక్రమించినదన్నమాట. చలనచిత్రకళ ఈ అర్థపరిణామమును ఇంకొక మెట్టు ముందునకు కొనిపోయినది. నటునివెనుక నిజముగా నున్నది పచ్చని వస్త్రము. ప్రేక్షకునకు కనబడునది పర్వతమో, రాజప్రాసాదమో, సముద్రమో. ఈ రెంటిని ఒక్క చిత్రముగా అతుకు విద్యను దృశ్యసమ్మేళనమని చెప్పవచ్చును.

ఈ విద్యయందలి చిక్కులలో మిక్కిలి సూక్ష్మమైనది కెమెరాచలనమునకు సంబంధించినది. కెమెరా స్థిరముగా నిలిచినచో నటుని ఒకచోటను, వెనుకదృశ్యమును వేరొకచోటను తీసి కలుపుట అంత కష్టము కాదు. కెమెరామన్ దానిని చేతబట్టి, ఊపిరి పీల్చుచు, అడుగులు వేయుచు తీసినపుడు మాత్రము వెనుకదృశ్యము సైతము ఆ ఊపిరికి, ఆ అడుగులకు బద్ధమై కదలవలెను. అట్లు కదలనిచో నటుడొక లోకమున, నేపథ్యము మరియొక లోకమున ఉన్నట్లు తోచును. ఆ తోపు కలిగినచో రసము భగ్నమగును. ఇది యంత్రజ్ఞులు తమలో తాము పరిష్కరించుకొనవలసిన లెక్క మాత్రమేనా, లేక సాహిత్యవిమర్శకుడును విచారింపదగిన ఔచిత్యసమస్యయా అనునదే ఇచ్చటి ప్రశ్న.

తెలుగు చలనచిత్రముల మాయాదృశ్యములకు పుట్టినిల్లు మదరాసు. వడపళనిలోని వాహినీ స్టూడియోయందు విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రములకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఈయన ఆంగ్లో ఇండియను. కె.వి. రెడ్డి దర్శకత్వమున ఆయన సృజించిన వెన్నెలను తెలుగువారు నేటికిని తలచుకొందురు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై భోజనపదార్థములను ఆరగించు ఘట్టము పిల్లలకు కథగా చెప్పుకొనదగినదైనది. అటుపిమ్మట ‘సీతారామ కళ్యాణం’ (1961) చిత్రమున ఎన్.టి. రామారావు రావణుడుగా పదితలలతో కనిపించు దృశ్యమును రవికాంత్ నగాయిచ్ సాధించెను. ఆ దృశ్యమునకు ఆధారము మాస్కు పద్ధతి. కెమెరాముందు చట్రములో ఒక భాగమును మాత్రమే తెరచి, తక్కినదానిని మూసి, ఫిలిమును వెనుకకు త్రిప్పి, వేరొక భాగమును తెరచి మరల తీయుదురు. ‘రాముడు భీముడు’ (1964) వంటి ద్విపాత్రచిత్రములలో ఒకే నటుడు ఇద్దరై ఎదురుబొదురుగా నిలుచుటకును ఇట్టి రీతియే పునాది.

ఈ విధానమంతటికి ఒక్కటే నియమము: కెమెరా వెండ్రుకవాసియైనను కదలరాదు. కదలినచో మొదటి భాగమునకు రెండవ భాగమునకు నడుమనున్న గీత బయటపడును. కావున ఆనాటి మాయాదృశ్యములన్నియు నిశ్చలదృష్టితో చూచినట్టివి. ఆ నిశ్చలత సాంకేతికమైన లోపమని నేటివారు భావించుట కలదు. కాని అది ఆ చిత్రముల రసమునకు అనుకూలించినది. భారతీయాలంకారికులలో శ్రీశంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయము ఇచ్చట స్మరణీయము. చిత్రమందలి గుఱ్ఱమును చూచువాడు అది నిజమైన గుఱ్ఱమని నమ్మడు, అబద్ధమని త్రోసిపుచ్చడు, సందేహింపడు, గుఱ్ఱమువంటిదని పోల్చియు ఊరకుండడు. ఈ నాల్గింటికి భిన్నమైన ఒకానొక ప్రతీతితో దానిని గుఱ్ఱమనియే గ్రహించును. ‘మాయాబజార్’ ప్రేక్షకుడు ఘటోత్కచుని లడ్డూలను ఇట్టి ప్రతీతితోనే చూచెను. కెమెరా కదలక నిలిచి, ‘ఇది కథ, వినుడు’ అని పౌరాణికుని కంఠముతో చెప్పెను. ప్రేక్షకుడు వినెను.

చేతికెమెరా ఇందుకు భిన్నము. అది పౌరాణికుడు కాదు, సాక్షి. చట్రము వణకినపుడు ప్రేక్షకుని మనస్సున ‘ఎవరో ఒక మనుష్యుడు ఆ స్థలమున నిలిచి, తన కన్నులతో చూచినదానిని చూపుచున్నాడు’ అను భావము కలుగును. యుద్ధవార్తాచిత్రములు, ఇండ్లలో తీసికొను పెండ్లిచిత్రములు, నేటి చేతిఫోను చిత్రములు ఈ భావమును జనులలో స్థిరపరచినవి. చిత్రతురగన్యాయము ఇచ్చట చెల్లదు. ఏలయనగా సాక్షి తాను చూచినది నిజమైన గుఱ్ఱమనియే చెప్పుచున్నాడు. కథ చెప్పువానికి కల్పించు హక్కు కలదు. సాక్ష్యము చెప్పువానికి లేదు. కావున చేతికెమెరాతో తీసిన చట్రమున వెనుకదృశ్యము తప్పుగా కదలుట సాక్షి మాట తప్పుటవంటిది. అనౌచిత్యముకంటె రసభంగమునకు వేరు కారణము లేదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నిర్ణయించిన సంగతి సుప్రసిద్ధము. ఈ కళయందు ఔచిత్యము గణితరూపమున ఉండుటయే విశేషము.

ఆ గణితమును కొంచెము పరిశీలింపవలెను. చేతిలోని కెమెరాకు రెండు తెగల చలనములు కలవు. మొదటిది ఉన్నచోటనే ఉండి ప్రక్కలకు తిరుగుట, మీదికి క్రిందికి వంగుట, ఒరగుట. రెండవది చోటు మారుట, అనగా ముందువెనుకలకు, కుడియెడమలకు, మీదికి క్రిందికి జరుగుట. కటకముయొక్క దృష్టికేంద్రము కదలక కెమెరా కేవలము తిరిగినచో దగ్గరి వస్తువును, దూరపు వస్తువును ఒకే కోణమున ప్రక్కకు పోవును. చోటు మారినపుడు మాత్రము వాని నడుమ భేదము కలుగును. రైలుపెట్టె కిటికీనుండి చూచువానికి తంతిస్తంభములు వెనుకకు పరుగెత్తును. పొలములోని తాటిచెట్లు మెల్లగా కదలును. దూరపుకొండ తనతో వచ్చుచున్నట్లుండును. చంద్రుడు అసలే విడువడు. మనుష్యుని చేతిలో ఈ రెండు తెగల చలనములును ఎల్లపుడు కలిసియే యుండును. చేయి తిరిగినపుడు కొంత జరుగును, జరిగినపుడు కొంత తిరుగును.

పచ్చతెరతో పనిచేయువారు తరచుగా చేయు పొరపాటు ఇచ్చటనే పుట్టుచున్నది. వస్త్రముపై నాలుగు గుర్తులు అంటింతురు. ఆ గుర్తులు చట్రమున ఎట్లు కదలినవో కంప్యూటరు చూచి చెప్పును. ఆ చలనమునే వెనుకదృశ్యమునకు అంటగట్టుదురు. చూచుటకు ఇది న్యాయముగనే తోచును. కాని ఫలితము వేరు. కెమెరాకు 16 అడుగుల దూరమున వస్త్రము కలదనుకొందము. కటకము 40 డిగ్రీల వెడల్పును చూచుచున్నదనుకొందము. కెమెరా పట్టినవాడు 6 అంగుళములు ప్రక్కకు జరిగినచో వస్త్రముపైనున్న గుర్తు చట్రపు వెడల్పులో సుమారు 23వ వంతు జరుగును. వెనుక చూపదలచిన కొండ ఒక మైలు దూరమున ఉన్నదగుచో అది నిజమునకు చట్రములో 7,000వ వంతైనను జరుగరాదు. 1920 బిందువుల వెడల్పుగల చిత్రమున అది ఒక్క బిందువుకంటె తక్కువ. అట్టి కొండను వస్త్రముపై గుర్తులకు కట్టివేసినచో అది 80 బిందువులకు పైగా పరుగెత్తును. అప్పుడు ప్రేక్షకుడు చూచునది కొండను కాదు, 16 అడుగుల దూరమున వ్రేలాడుచున్న కొండబొమ్మను. వీధినాటకపు రంగులతెర మరల వచ్చినట్లే. ప్రేక్షకునకు ఈ లెక్క తెలియదు. అయినను అతని కన్ను పుట్టినది మొదలు ఈ లెక్కనే చేయుచున్నది కావున కారణము చెప్పలేకపోయినను తప్పును పట్టుకొనును.

కావున తెలిసినవారు గుర్తులను ఒక్క వస్త్రముపైననే ఉంచరు. నేలమీద, స్తంభములమీద, నటునికి ముందువెనుకల వేర్వేరు దూరముల యందును ఉంతురు. దూరభేదము తెలిసినపుడే కంప్యూటరు కెమెరా నడచిన దారిని మూడు కొలతలయందు తిరిగి నిర్మింపగలదు. ఆకాశచిత్రములనుండి నేలను కొలుచు సర్వేవిద్యకు ఇది దగ్గరిబంధువు. దారి తెలిసిన పిమ్మట కంప్యూటరు లోపల కల్పితమైన ఒక కెమెరాను అదే దారిని నడిపించి, కొండను మైలు దూరముననే నిలిపి చూచినచో అది తనంతట తాను సరిగా కదలును, కదలవలసినంతయే కదలును.

చలనము సరిపడినంతమాత్రమున పని పూర్తికాదు. సెకనుకు 24 చట్రముల లెక్కన తీయు చిత్రమున ఒక్కొక్క చట్రమునకు 48వ వంతు సెకను కాలము వెలుగుసోకుట వాడుక. ఆ కాలములో చేయి అదరినచో నటుని అంచులు అలుకుకొనినట్లగును. అంత అలుకుడు వెనుకదృశ్యమునకును పడవలెను. గుర్తులు స్పష్టముగా తెలియుటకై కొందరు ఆ కాలమును తగ్గింతురు. అప్పుడు గుర్తులు చక్కగా కనబడును గాని, నటుని కదలిక పుల్లలు విరిచినట్లు కొట్టవచ్చినట్లుండును. పెక్కు డిజిటల్ కెమెరాలు చట్రమును పైవరుసనుండి క్రిందివరుసకు క్రమముగా చదువును. కెమెరా వేగముగా ప్రక్కకు ఊగినపుడు నిట్టనిలువు గోడ ఒరిగినట్లు కనబడుట ఇందువలననే. నటుడు ఒరిగి, వెనుక స్తంభము నిట్టనిలువుగా నిలిచినచో ఆ స్తంభము అబద్ధము. కటకపువంపు, చిత్రమునందలి సన్ననిరేణువు, దృష్టి నిలిచిన దూరము, వెలుగు వచ్చు దిక్కు, క్షితిజరేఖ యొక్క ఎత్తు ఇవన్నియు ఇట్టివే. క్షితిజరేఖ ఎల్లపుడు కెమెరా ఎత్తుననే ఉండును. అయిదడుగుల ఎత్తున భుజముమీద కెమెరా పెట్టి నటుని తీసి, మేడమీదినుండి తీసిన వీధిని వెనుక అతికినచో పాదములు నేలనంటవు.

ఈ విద్యయొక్క చరిత్ర కెమెరాకు కదలుటకు స్వేచ్ఛ సంపాదించిన చరిత్రయే. ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ (1940) చిత్రమున లారీ బట్లర్ నీలితెరను వాడి వర్ణచిత్రమునందు బొమ్మను వేరుచేయు మార్గమును చూపెను. ‘బెన్ హర్’ (1959) చిత్రమునకై పెట్రో వ్లాహోస్ ఆ మార్గమును శుద్ధిచేసెను. ‘స్టార్ వార్స్’ (1977) చిత్రమునకు జాన్ డైక్‌స్ట్రా బృందము ఒకే చలనమును ఎన్నిమారులైనను తప్పక మరల చేయగల యంత్రచాలితమైన కెమెరాను సమకూర్చెను. అపుడు కెమెరా కదలినది, కాని యంత్రమువలె కదలినది. మనుష్యుని చేయి ఒకమారు చేసిన చలనమును రెండవమారు చేయలేదు. ఆ చేతి చలనమును చిత్రమునుండియే చదివి తెలిసికొనుట కంప్యూటరు వచ్చిన తరువాతనే సుకరమైనది. తెరరంగును మార్చినదియు ఈ డిజిటల్ యుగమే. నేటి కెమెరాల గ్రాహకముపై ఎరుపునకుగాని నీలమునకుగాని ఉన్న బిందువులకంటె ఆకుపచ్చకు రెట్టింపు బిందువులుండుట సాధారణము. అందుచేతను, ఆ వన్నె మానవదేహచ్ఛాయకు దూరమగుటచేతను పచ్చతెర ప్రచారమునకు వచ్చినది. చిలుకపచ్చ చీర కట్టిన నాయిక ఆ తెరముందు నిలిచినచో ముఖము, చేతులు మాత్రమే మిగులునన్నది అందరెరిగిన చమత్కారము.

చేతికెమెరాను, కల్పితదృశ్యమును సాహసముగా కలిపిన చిత్రములలో ‘క్లోవర్‌ఫీల్డ్’ (2008) ముఖ్యముగా పేర్కొనదగినది. మాట్ రీవ్స్ దర్శకుడు, జె.జె. ఏబ్రమ్స్ నిర్మాత. న్యూయార్క్ నగరముపై ఒక భూతము విరుచుకొనిపడగా, విందునకు వచ్చిన మిత్రులలో ఒకడు తన చేతిలోనున్న చిన్నకెమెరాతో తీసినదే చిత్రమంతయు అని కథాకల్పన. డబుల్ నెగెటివ్, టిప్పెట్ స్టూడియో అను సంస్థలు మాయాదృశ్యములను నిర్వహించినవి. చట్రపు కుదుపు ఎంతటిదనగా, తల తిరుగవచ్చునని అమెరికాలోని కొన్ని థియేటర్లు ప్రేక్షకులను ముందుగా హెచ్చరించినవి. స్వేచ్ఛాదేవి విగ్రహముయొక్క శిరస్సు వీధిలో వచ్చిపడు ఘట్టమున ఆ కుదుపునకు కల్పితశిరస్సు కట్టుబడియుండుట గణితవిజయము.

ఆ చిత్రముయొక్క గొప్పతనము గణితముతో ముగియదు. అందలి కెమెరా ఆలస్యముగా చూచును. భూతము చట్రమునడుమకు చక్కగా వచ్చి నిలువదు. మూలనెక్కడనో, భవనముల సందున, అస్పష్టముగా దాటిపోవును. కెమెరా వెదకి త్రిప్పులోపల అది లేకపోవును. సాక్షికి ముందేమి జరుగునో తెలియదు గదా! పచ్చతెరముందు కెమెరా పట్టినవానికి వచ్చిన అసలు కష్టమిది. అతనికి ఎదుట ఏమియు లేదు. లేనిదానికి చేయి ఉలికిపడదు. కావున అతని చట్రము ముందుగనే సిద్ధమై, వెనుకదృశ్యము వచ్చి కూర్చుండుటకు పీటవేసినట్లుండును. చలనము లెక్కకు సరిపోయినను ఇట్టి చిత్రము అబద్ధమే పలుకును. కఱ్ఱకు కట్టిన బంతిని ఎదుట త్రిప్పుట, వెలుగును తటాలున మార్చుట, ఎవరైనను కేకవేయుట వంటి ఉపాయములు సామాన్యములుగా కనిపించినను చేతికి ఉలికిపాటును కల్పించునవి అవియే. ‘క్లోవర్‌ఫీల్డ్’నందు దోషము లేకపోలేదు. ప్రాణముమీదికి వచ్చినపుడును ఆ మిత్రుడు కెమెరాను విడువకుండుట నమ్మశక్యముగా లేదు. సాక్షియొక్క చూపును అంతగా నిలిపిన చిత్రము సాక్షియొక్క స్వభావమును అంతగా నిలుపలేకపోయినది.

ఇంకొక వాడుకయు విచారింపవలసియున్నది. కెమెరాను ట్రైపాడుపై నిలిపి తీసి, దృశ్యసమ్మేళనము ముగిసిన పిదప చిత్రమునంతను ఒక్కటిగా కుదుపుట కలదు. ఇందు నటుడును, నేపథ్యమును కలిసి ఊగుటచే అతుకు బయటపడదు. దగ్గరిదూరముల భేదము మాత్రము కనబడదు. కుదుపు స్వల్పమై, వెనుకదృశ్యము దూరపుదైనచో ఈ ఉపాయము నిర్దోషము. కాని కంప్యూటరు పుట్టించిన కుదుపు ఊయలవలె ఒకే తాళమున నడచునపుడు అందు ఊపిరి ఉండదు. నిజమైన కెమెరాతో తీసిన చేతిచలనమును గ్రహించి దానినే చిత్రమునకు ఇచ్చుట మేలు. అడుగు పడినపుడు దిగుట, నిలిచినపుడు ఊపిరితో లేచుట, అలసినపుడు ఒరగుట అందు సహజముగా ఉండును.

తెలుగుచిత్రములలో పెద్దకల్పనలు కలవి ఎక్కువగా పౌరాణికుని కంఠముననే పలికినవి. ‘బాహుబలి’ (2015) చిత్రమున కథానాయకుడు జలపాతమును అధిరోహించు ఘట్టమును చూచువాడు సాక్ష్యమును కోరడు. అది చిత్రతురగము, ఆ న్యాయముననే అది నిలుచును. ఆ చిత్రపు మాయాదృశ్యములకు వి. శ్రీనివాస మోహన్ జాతీయపురస్కారము పొందుట తగినదే. అట్టి చిత్రమును చేతికెమెరా కొలమానముతో కొలుచుట విమర్శకునకు తగదు. దానికి విపర్యాసముగా, సామాన్యజీవితకథను చేతికెమెరాతో చెప్పుచు, నడుమ ఒక్క ఘట్టమున మాత్రము వస్త్రమునకు అంటిన కొండను చూపు చిత్రమును క్షమించుటయు తగదు. తాను ఏ ప్రతిజ్ఞ చేసినదో ఆ ప్రతిజ్ఞను ప్రతి చిత్రమును చెల్లింపవలెను. బార్ట్‌లీ నిశ్చలకెమెరా తన ప్రతిజ్ఞను చెల్లించినది. చేతికెమెరా చేయు ప్రతిజ్ఞ పెద్దది కావున దాని ఋణమును పెద్దది.

ఇటీవల తెర స్వభావమే మారినది. ‘ది మాండలోరియన్’ (2019) కథామాలిక నిర్మాతలు పచ్చవస్త్రమునకు మారుగా పెద్ద వెలుగుపలకలను నిలిపి, కెమెరా కదలినకొలది వెనుకదృశ్యము తత్క్షణమే తగినట్లు మారునట్లు చేసిరి. నటుని కవచముపై ఆ దృశ్యపువెలుగే పడును. కెమెరా పట్టినవానికి ఎదుట కొండ కనబడును. వెనుకనుండి తెరపై చిత్రమును ప్రసరింపజేసిన పాత స్టూడియోపద్ధతి, కెమెరాను గమనించు కన్నులు సంపాదించుకొని, తిరిగివచ్చినట్లైనది. సాక్షికి చూచుటకు ఏదో ఒకటి దొరకినది. అయినను ఖర్చు చేయలేనివారికి పచ్చవస్త్రమే గతి. నేడు చేతిఫోను కలిగిన ప్రతి విద్యార్థియు రెండు గజముల పచ్చబట్టతో ఈ ప్రయోగమును చేయగలడు, చేయుచునున్నాడు.

ఇచ్చట భాషాప్రశ్న ఎదురగుచున్నది. ఆ విద్యార్థి తెనుగునేలకు వెలుపల చెన్నపట్టణమునందో, హోసూరునందో, బరంపురమునందో, బళ్ళారియందో తెలుగు చదువుకొనుచున్నవాడైనచో, తాను చేసినదానిలోని దోషమును తెలుగున చెప్పుటకు అతనికి ‘బాగుగా లేదు’ అను మాట తప్ప వేరుమాట చిక్కదు. దోషమునకు పేరు లేనిచో దిద్దుబాటునకు దారి లేదు. దగ్గరి వస్తువునకు, దూరపు వస్తువునకు చూచువాని స్థానభేదముచే కలుగు స్థానభ్రమకు పేరు తెలుగుపండితులకు క్రొత్తది కాదు. సూర్యసిద్ధాంతము సూర్యగ్రహణగణితమున దానిని లంబనమనియే పిలిచినది. చంద్రుడు దగ్గర, సూర్యుడు దూరము. చూచువాడు నిలిచిన చోటునుబట్టి గ్రహణకాలము మారును. పంచాంగకర్తలు శతాబ్దములుగా వాడిన ఈ మాట పచ్చతెరముందు నిలిచిన బాలునకును చాలును. ‘నీ కొండకు లంబనము ఎక్కువైనది’ అని గురువు చెప్పగలిగిననాడు ఆ బాలుడు గుర్తులను ఎక్కడ పెట్టవలెనో తానే తెలిసికొనును.

తెలుగుచిత్రకళ స్వరాష్ట్రమునకు వెలుపల మదరాసులో పెరిగినది. అందు పనిచేసినవారు పెక్కు భాషలవారు. మాస్కు, ట్రిక్ షాట్, బ్యాక్ ప్రొజెక్షన్ అను మాటలు స్టూడియో ఫ్లోరుపై కలగలిసి వాడుకకు వచ్చినవి. ఆ మాటలను త్రోసివేయవలసిన పని లేదు. వాని ప్రక్కన లంబనము, చట్రము, దృశ్యసమ్మేళనము వంటి మాటలను నిలిపినచో విమర్శకు కాలూనుటకు చోటు దొరకును. మాయాదృశ్యమును చూచి అబ్బురపడుటకు భాష అక్కరలేదు. అది ఎందుకు నిలిచినదో, ఎందుకు కూలినదో చెప్పుటకు మాత్రము భాష కావలెను. ఆ పని జరుగనంతకాలము తెలుగువారు తమ చేతులతో చేసిన పనిని గూర్చి పరులమాటలతోనే తీర్పుచెప్పుకొనవలసియుండును.